శ్రీశైలంలో నీళ్లుంటే చాలదు, మట్టం ఉండాలి

జులై సగం దాటిందంటే రాయలసీమ పల్లెల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న. "శ్రీశైలం ఎంతకొచ్చింది?" టీ అంగడి దగ్గరా అదే మాట, ఎరువుల దుకాణం దగ్గరా అదే మాట. జవాబు అడుగుల్లో వస్తుంది. "862 అంట. నిన్నటికీ ఇవాల్టికీ ఐదడుగులు లేచిందంట." పత్రికలేమో టీఎంసీల్లో రాస్తాయి. మంత్రులూ టీఎంసీల్లోనే మాట్లాడతారు. రైతు మాత్రం అడుగుల లెక్కే అడుగుతాడు. అతనికి తెలియక కాదు, ఎవరికన్నా బాగా తెలిసే అలా అడుగుతాడు. 881 దాటితే తన కాలువకు నిండా నీళ్లొస్తాయి. 854కు దిగిపోతే జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నా తన మడికి వచ్చేది చాలా తక్కువ.

ఈ తేడా పాలకులకు తెలియనిదేమీ కాదు. తెలిసి కూడా ఏటా వరద తగ్గిన మర్నాటి నుంచే మట్టాన్ని కరెంటు కోసం కరిగిస్తున్నారు. ఈ సంచికలో దాని గురించే నాలుగు మాటలు రాయదలిచాం.

శ్రీశైలం జలాశయం ఎలా పుట్టిందో గుర్తు చేసుకుంటే ఈ గొడవ మూలం అర్థమవుతుంది. జూరాల మీదుగా కృష్ణ, సుంకేసుల మీదుగా తుంగభద్ర వచ్చి కలిశాక, నది నల్లమల కొండల్లోకి దూరి ఇరుకైన లోయలో పారుతుంది. రెండు వైపులా నిట్టనిలువు కొండలు. అటువంటి చోట 512 మీటర్ల కట్ట కడితే చాలు, వెనక సముద్రమంత నీరు నిలుస్తుంది, ఎత్తు నుంచి పడే నీటితో టర్బైన్లు తిరుగుతాయి. 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఇది అచ్చంగా జలవిద్యుత్ ప్రాజెక్టు. అందుకే బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలానికి ఇచ్చింది ఆవిరి నష్టాల కింద 33 టీఎంసీలు మాత్రమే. కొండల అవతల, కళ్లెదుట, కరువు సీమ ఉన్నా ఆ కాగితాల్లో ఒక్క ఎకరానికీ నీరు రాసి లేదు.

ఆ తర్వాత వచ్చిందంతా పోరాటాల వల్లా, చెన్నై దాహం వల్లా వచ్చిందే. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు చెన్నై తాగునీటికి ఇస్తామని ఒప్పుకున్నాయి. ఆ 15 టీఎంసీలు పోవాల్సిన దారి సీమ మీదుగానే. దారిలో మా పొలాలూ ఉన్నాయి కదా అని సీమ జనం పట్టుబట్టాక తెలుగుగంగ సాగునీటి పథకం కూడా అయింది. జలాశయం వెనక అంచున పోతిరెడ్డిపాడు దగ్గర తూములు కట్టారు. మొదట 11,150 క్యూసెక్కులు, 2005 తర్వాత 44,000 క్యూసెక్కులు. ఈరోజు ఆ తూముల మీద తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ, గాలేరు-నగరి, కొంతమేర కేసీ కాలువ ఆధారపడి ఉన్నాయి. హంద్రీ-నీవాకు మల్యాల నుంచి, కల్వకుర్తికి కొల్లాపూర్ వైపు నుంచి ఎత్తిపోస్తున్నారు. వెలిగొండ, ఎస్‌ఎల్‌బీసీ సొరంగాలు ఈ నీటి కోసమే. పాలమూరు-రంగారెడ్డికి ఆధారం ఇదే. అనంతపురం నుంచి నల్గొండ దాకా, మార్కాపురం నుంచి చెన్నై దాకా ఒకే కుండలో చేతులు పెట్టాం. ఆ కుండను నడిపే పద్ధతి మాత్రం ఇప్పటికీ కరెంటు ప్రాజెక్టు పద్ధతే.

కుండ అన్నాం కాబట్టి ఆ పోలికతోనే చెప్పుకుందాం. కుండకు పక్కన, సగానికి పైన చిల్లు పెడితే నీరు ఆ చిల్లు దాకా ఉన్నప్పుడే బయటికొస్తుంది. పోతిరెడ్డిపాడు అటువంటి చిల్లు. తూము అడుగుమట్టం 841 అడుగులు. జలాశయం పూర్తి మట్టం 885. 881 అడుగులు ఉంటేనే 44,000 క్యూసెక్కులు పోతాయి. 854 దగ్గర వచ్చేది 7,000 క్యూసెక్కులకు మించదు. 44,000 అంటే రోజుకు 3.8 టీఎంసీలు. 7,000 అంటే రోజుకు 0.6 టీఎంసీలు. చెన్నై వాటా 15 టీఎంసీలు పైమట్టంలో నాలుగు రోజుల్లో దాటిపోతాయి, కిందిమట్టంలో అయితే పాతిక రోజులు పడుతుంది. ఇక మన ఆరుతడి పంటకు ఎన్ని రోజులు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

కరెంటు కేంద్రాల పరిస్థితి వేరు. అవి డ్యాం మొదట్లో, చాలా లోతు నుంచి నీటిని తీసుకుంటాయి. కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున 900 మెగావాట్లు. రెండూ పూర్తిగా తిరిగితే రోజుకు సుమారు 6 టీఎంసీలు దిగువకు పోతాయి. 881 దగ్గర జలాశయంలో ఉండేది సుమారు 193 టీఎంసీలు, 854 దగ్గర 89. మధ్యనున్న 104 టీఎంసీలే సీమ బతుకు. పైనుంచి వరద ఆగిపోయి, మన కాలువలన్నీ మూసేసినా, రెండు కేంద్రాలు కలిసి ఆ 104 టీఎంసీలను పదిహేడు రోజుల్లో ఖాళీ చేయగలవు. సెప్టెంబరులో మంచి నిండు చెరువులా కనబడింది నవంబరుకల్లా ఎందుకు ఎండమావి అవుతున్నదో ఈ లెక్కే చెబుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కరెంటుకు వదిలిన నీరంతా వృథా అని ప్రసంగాల్లో అనేయడం తేలిక. అది సరి కాదు. ఆ నీరు నాగార్జునసాగర్‌కే చేరుతుంది. నల్గొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం ఆయకట్టు రైతులు ఎదురుచూసేది ఆ నీటి కోసమే. మన బోర్లకు వచ్చే కరెంటులో కూడా శ్రీశైలం వాటా ఉంది. సాగర్ కింద నాట్లకు నీరు కావాలని అడిగినప్పుడు టర్బైన్ల గుండా వదిలితే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. అభ్యంతరమల్లా కింద ఎవరూ అడగనప్పుడు, పైనుంచి వరద రానప్పుడు, సాయంత్రం పూట డిమాండ్ పెరిగిందని గ్రిడ్ కోసం మట్టాన్ని దించడం మీదనే. ఒక యూనిట్ కరెంటును బొగ్గు నుంచో, ఎండ నుంచో, గాలి నుంచో తీసుకోవచ్చు. 860 నుంచి 840కి జారిపోయిన మట్టాన్ని మళ్లీ ఆషాఢం వచ్చేదాకా ఎవరూ తేలేరు. ఎడమ గట్టు కేంద్రంలో ఉన్నవి నీటిని తిరిగి పైకి ఎత్తిపోయగల టర్బైన్లు. వాటిని ఆ పనికి ఎంతమేర వాడుతున్నారో నెలనెలా లెక్క బయటపెట్టమని అడగడం మన హక్కు.

854 అడుగుల గీత ఎవరో దయతో గీసింది కాదు. 1996లో జీవో 69 ద్వారా కనీస మట్టాన్ని 834 అడుగులకు దించారు. ఎనిమిదేళ్లు సీమ రైతాంగం రోడ్డెక్కితే, 2004లో జీవో 107తో మళ్లీ 854కు తెచ్చారు. ఆ ఉద్యమంలో నడిచినవారు ఈ సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. కాగితం మీద గెలిచిన ఆ ఇరవై అడుగులను నీటిలో నిలబెట్టుకోలేకపోయాం. ప్రభుత్వాలు మారినా, రాష్ట్రమే రెండుగా మారినా, మట్టం 854 దిగువకు పోని వేసవి అరుదు.

మట్టం సంగతి ఇలా ఉండగా కుండే చిన్నదైపోతున్నది. జలాశయం కొత్తలో దాని సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాత సర్వేలో 263కి పడింది. ఆ తర్వాత 215.81 టీఎంసీలు అని తేలింది. అంటే 92 టీఎంసీల మేర మట్టి చేరింది. సోమశిల జలాశయం నిండా పట్టేదే 78 టీఎంసీలు. ఒక సోమశిలను మించిన నీటి చోటును పూడిక మింగేసింది. ఎగువన తుంగభద్ర డ్యాంలోనూ ఇదే కథ, 133 టీఎంసీలు ఉండాల్సింది 105 దగ్గరికి వచ్చింది. కొండల వాలు మీద చెట్టు పోయి, వాగుల గట్లు తెగి, ఎగువ పొలాల పైమట్టి కొట్టుకొచ్చి ఇక్కడ పేరుకుంటున్నది. అది మన మట్టే, పైపొరలోని సారవంతమైన మట్టి. పూడిక తీస్తామని ప్రకటనలు వస్తుంటాయి. వంద టీఎంసీల మట్టిని లారీలతో తోడి ఎక్కడ పోస్తారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అంతకన్నా అందుబాటులో ఉన్న పని, ఇకముందు వచ్చే మట్టిని ఎగువనే ఆపడం. వాగుల మీద చెక్‌డ్యాంలు, వాలు భూముల్లో కందకాలు, గట్ల మీద చెట్లు. చిన్న పనులు కాబట్టి శిలాఫలకాలు పడవు, అందుకే జరగవు అని మా అనుమానం.

డ్యాం క్షేమం గురించి కూడా మాట్లాడక తప్పదు. 2009 అక్టోబరులో దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి మట్టం 896 అడుగులు దాటింది. ఈ డ్యాం స్పిల్‌వే అంతటి వరదకు కట్టింది కాదు. ఆ వరదలోనే కర్నూలు పట్టణం మునిగింది. డ్యాం నిలబడింది, అది కట్టినవాళ్ల చలవ. గేట్ల కింద నీరు పడేచోట ఏర్పడిన గొయ్యి లోతైపోయిందని నిపుణులు ఎన్నేళ్లుగానో చెబుతున్నారు. 2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యాంలో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రిని ఆ ఆయకట్టు రైతులు మరచిపోరు. నిండిన డ్యాం, ఒక్క పాత గొలుసు. వారం తిరక్కుండా నీటి ఉధృతిలోనే తాత్కాలిక గేటు బిగించిన ఇంజనీర్లకూ కార్మికులకూ ఎంత చెప్పినా తక్కువే. అసలు ఆ గొలుసును అంతకుముందు ఎవరు చూడాలో, ఎందుకు చూడలేదో మాత్రం ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ భాగం చదివి కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. వరద రోజుల్లో, మట్టం 885 ఉండి పన్నెండు గేట్లూ ఎత్తి లక్షల క్యూసెక్కులు సాగర్‌కు వదులుతున్నప్పుడు పోతిరెడ్డిపాడు నుంచి పూర్తిగా తీసుకోవడానికి అడ్డం ఎవరు? పక్క రాష్ట్రం కాదు, కరెంటు కేంద్రం కూడా కాదు. బానకచెర్ల దిగువన మన కాలువలే మోయలేకపోతున్నాయి. లైనింగ్ లేచిపోయిన చోట లైనింగ్ లేదు, గట్టు జారిన చోట ఇసుక బస్తాలే. వెలుగోడు 16.95 టీఎంసీలు, గోరకల్లు 12.44, అవుకు 4.15, బ్రహ్మంసాగర్ 17.74, గండికోట 26.85. ఇవి అన్నీ వరద రోజుల్లో నిండితే జనవరిలో శ్రీశైలం వైపు చూడాల్సిన అవసరం సగానికి తగ్గుతుంది. బ్రహ్మంసాగర్ కట్ట లీకేజీ వల్ల ఎన్నేళ్లు ఆ జలాశయాన్ని నిండా నింపలేకపోయామో కడప రైతులకు తెలుసు. గండికోటలో నీరు నిలపడానికి ముందు ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది, పరిహారం గొడవలతో అదీ ఏళ్లు పట్టింది.

ప్రధాన కాలువ సంగతి అలా ఉంచి, పిల్ల కాలువల దగ్గరికి వస్తే ఇంకా ఘోరం. ఈ వ్యాసం రాస్తున్న చేతికి తెలిసిన ఒక డిస్ట్రిబ్యూటరీ ఉంది. తవ్వి ఇరవై ఏళ్లయింది. తూము తలుపు ఎప్పుడో దొంగలు పట్టుకుపోయారు. చివరి రెండు కిలోమీటర్లలో కంపచెట్లు మనిషి ఎత్తు పెరిగాయి. అక్కడి భూములన్నీ రికార్డుల్లో ఆయకట్టే. ఆ రైతులు నీటి తీరువా కట్టిన రసీదులు చూపిస్తారు, నీరు మాత్రం చూపించలేరు. ఇటువంటి కాలువలు మీ మండలంలోనూ ఉంటాయి. శ్రీశైలం మట్టం గురించి మనం చేసే పోరాటానికి బలం రావాలంటే ముందు వీటి లెక్క మన చేతిలో ఉండాలి.

రెండు రాష్ట్రాల వివాదం గురించి మా వైఖరి ఇంతకుముందు సంచికల్లోనూ రాశాం, మళ్లీ రాస్తున్నాం. 2021 జూన్‌లో వరద రాకముందే తెలంగాణ ప్రభుత్వం పూర్తి స్థాయిలో కరెంటు తీయడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. డ్యాంల దగ్గర పోలీసులను దింపారు. అంతకుముందు ఏడాది రాయలసీమ ఎత్తిపోతల కోసం ఆంధ్రప్రదేశ్ జీవో 203 ఇస్తే తెలంగాణ వైపు నుంచి అభ్యంతరం లేచింది, పర్యావరణ అనుమతి లేదని హరిత ట్రిబ్యునల్ పనులు ఆపింది. 2021 జులై 15న కేంద్రం కృష్ణా బోర్డు పరిధిని ఖరారు చేస్తూ గెజిట్ ఇచ్చింది. ప్రాజెక్టులు మాత్రం బోర్డు చేతికి రాలేదు. రెండు ప్రభుత్వాలకూ ఈ గొడవ నడుస్తుండటమే సౌకర్యం. ఎన్నికల సభల్లో అవతలి రాష్ట్రాన్ని తిడితే సొంత కాలువల లెక్క ఎవరూ అడగరు.

అవతలి గట్టున ఉన్నది ఎవరో ఒకసారి చూడండి. పాలమూరు నుంచి తట్ట, పార పట్టుకుని దేశమంతా వలస పోయిన రైతుకూలీలు. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులు. ఆ నల్గొండకు ఎత్తిపోతల అవసరం లేకుండా నీరివ్వడానికే నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ సొరంగం మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. వాళ్లు మన రాష్ట్రాల వాళ్లు కూడా కాదు, ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. అదే నల్లమలలో ఇటు వైపు వెలిగొండ. 1996లో శంకుస్థాపన. 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు. 2024 మార్చిలో ప్రారంభోత్సవం కూడా చేశారు. ఆనాటికి నల్లమల సాగర్ ముంపు గ్రామాల పునరావాసం పూర్తికాలేదు, పొలాలకు నీరూ పారలేదు. అక్కడ కనిగిరి, మార్కాపురం పల్లెల్లోనూ నీళ్లలో అదే ఫ్లోరైడ్. ఒకే కొండకు రెండు వైపులా ఒకే జబ్బుతో ఉన్న జనం ఒకరినొకరు నీటి దొంగలని తిట్టుకోవడం మన సంఘం ఎన్నటికీ చేయదు.

ఇంకొకరున్నారు. ఈ లెక్కలన్నిటికీ అడుగున, నిజంగానే నీటి అడుగున ఉన్నవాళ్లు. 1981లో జలాశయం నింపడానికి నందికొట్కూరు, ఆత్మకూరు, కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల్లో సుమారు వంద గ్రామాలను ఖాళీ చేయించారు. లక్ష ఎకరాల భూమి మునిగింది. కదలనివాళ్ల ఇళ్లను యంత్రాలతో కూల్చారు. గుళ్లను రాయి రాయి లెక్కపెట్టి అలంపూర్‌కు తరలించిన ప్రభుత్వం, మనుషులను మాత్రం చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి పొమ్మంది. 1986లో జీవో 98 ఇచ్చి ఇంటికొక ఉద్యోగం అంది. ఆ జీవో పట్టుకుని తిరిగిన యువకులకు ఇప్పుడు మనవళ్లున్నారు. వేసవిలో మట్టం బాగా దిగి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు పూజకు వచ్చేవాళ్లలో మునిగిన ఊళ్లవాళ్లు ఎందరో. గుడి కనబడిందంటే వాళ్లకు పండగ, మనకు కాలువ ఎండిందని గుర్తు. పాత ఊరి మొండి గోడలు, బావి గట్టు బురదలో తేలితే పిల్లలకు చూపించి, ఇదిగో మన గడప ఇక్కడ ఉండేదని చెబుతారు. వాళ్ల భూమి మీద నిలిచిన నీటి కోసమే మనం కొట్లాడుతున్నాం. వాళ్ల ఉద్యోగాల జాబితా మన డిమాండ్ల పత్రంలో చివరి వరసలో పెట్టడం ఇకనైనా మానుకోవాలి.

అందుకే సంఘం ఈసారి పెట్టే కోరికల్లో జీవో 98 అమలు మొదట ఉంటుంది. ఆ వెంటనే మట్టం. ఎగువ నుంచి వరద రాకపోతే, సీమ, పాలమూరు జలాశయాలు నిండేదాకా 881 దిగువన కేవలం గ్రిడ్ కోసం కరెంటు తీయకూడదు. సాగర్, డెల్టా సాగుకూ తాగునీటికీ అడిగినంత, అడిగినప్పుడు వదలాలి. ఎటువంటి పరిస్థితిలోనూ 854 దిగువకు తీసుకుపోకూడదు, తాగునీటికి తప్ప. ఈ నియమాన్ని రెండు రాష్ట్రాలూ రాసుకుని కృష్ణా బోర్డు చేత అమలు చేయించాలి. రోజూ మట్టం ఎంత, ఏ తూము నుంచి ఎంత పోయింది, ఏ కేంద్రం ఎంత వాడింది అన్నది గ్రామ సచివాలయం బోర్డు మీద ఉదయానికల్లా రాయాలి. ఆ లెక్క దాచాల్సిన రహస్యమేమీ కాదు.

ఇవి పైవాళ్లు చేయాల్సినవి. మన మండల కమిటీలు వచ్చే నెల సమావేశంలోపు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊరికి నీరు రావాల్సిన కాలువ వెంట నలుగురు నడవండి. ఎక్కడ గట్టు తెగింది, ఏ తూముకు తలుపు లేదు, ఏ కిలోమీటరు దగ్గర నీరు ఆగిపోయింది, ఏ సర్వే నంబర్ల దాకా ఆయకట్టని రాసి ఉంది, నిజానికి ఏ పొలం దాకా తడిసింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాయండి. 2023లో వానలు మొహం చాటేసి శ్రీశైలం నిండనప్పుడు మీ కాలువలో ఎన్ని రోజులు నీళ్లు పారాయో, 2024లో నిండి పొర్లినప్పుడు ఎన్ని రోజులు పారాయో పెద్దలను అడిగి పక్కపక్కనే రాయండి. తేడా పెద్దగా లేకపోతే తప్పు ఎక్కడుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. ఆ పుస్తకాలు జిల్లా కార్యాలయానికి చేర్చండి. పాలమూరు, నల్గొండ రైతు సంఘాల మిత్రులకు కూడా ఇదే పని చేయమని ఉత్తరం రాశాం. రెండు వైపుల పుస్తకాలూ వచ్చాక కలిసి కూర్చునే తేదీని వచ్చే సంచికలో ప్రకటిస్తాం.